ముల్లు చూపించిన నూట ఎనభై

ఇంటి నుంచి, ముందుగది
మార్చి 4, సోమవారం

చిరంజీవి మరిదికి,

వదిన ఆశీస్సులు. "ఇక్కడ అందరం క్షేమం" అని మొదలుపెట్టడం మన ఇంటి అలవాటు. ఈసారి ఆ మాట రాయబోతే కలం కదల్లేదు. అందుకని అది వదిలేసి నేరుగా అసలు సంగతికి వస్తున్నాను. కంగారుపడకుండా కూర్చుని చదువు.

మీ అన్నయ్యకి దగ్గు ఎక్కువైందని మామూలు జలుబులా తేలిగ్గా రాశాను కదా కిందటి ఉత్తరంలో. అది దగ్గు కాదట. ఇరవై ఆరేళ్ళు మోటార్లకి వైండింగ్ చేసి, వార్నిష్ పోసి, పొయ్యిలో కాల్చి, ఆ పొగంతా పీల్చినందుకు ఊపిరితిత్తులు గట్టిపడిపోయాయన్నారు డాక్టరు. ఇప్పుడు ఆయన మంచం పక్కన ఆక్సిజన్ మిషన్ ఉంది. గాలిలోంచి ఆక్సిజన్ వడగట్టి సన్న గొట్టంతో ముక్కుకి అందిస్తుంది. అది కరెంటు మీద నడుస్తుంది. ఆగిపోతే ఐదు నిమిషాల్లో ఆయన పెదాలు నీలం తిరుగుతాయి. ఇదంతా ముందే ఎందుకు చెప్పలేదని నా మీద ఎగరకు. చెప్పొద్దన్నది ఆయనే. "వాడు కొండెక్కి కూర్చున్నాడు, దిగి రాలేడు, ఊరికే వాడి నిద్ర చెడగొట్టడం ఎందుకు" అన్నారు.

అసలే ఇలా ఉంటే రోజూ మధ్యాహ్నం ఒంటిగంట నుంచి నాలుగింటి దాకా కరెంటు కోత. మీ స్టేషన్లో సగం పాడైపోయిందని పేపర్లో వేశారు, నిజమేనా? కోత వేళ చిన్న సిలిండర్లు పెడుతున్నాం. ఒక్కోటి నలభై నిమిషాలు వస్తుంది. సిలిండర్లాయన నిన్న గుమ్మంలో నిలబడి, "అమ్మా, నెలాఖరు నుంచి రోజుకి రెండు కంటే ఇవ్వలేను, ఆస్పత్రికే చాలడం లేదు" అనేశాడు. రెండు సిలిండర్లతో మూడు గంటలు ఎలా గడుస్తుంది, నువ్వే చెప్పు.

షాపులో మీ అన్నయ్య సొంతంగా చేసుకున్న ఇన్వర్టరు ఉంది కదా, ట్రంకు పెట్టెంత ఉంటుంది, దాన్ని రెండు బ్యాటరీలతో సహా ఇంటికి తెప్పించాను. ఇన్నాళ్ళూ షాపు ఫ్యాన్లకీ లైట్లకీ వాడాం. నిన్న ఆయనకి సిలిండర్ పెట్టి, మిషన్ని ఇన్వర్టరుకి తగిలించి చూశాను. నడిచింది. కానీ ముల్లు మీటరు పెడితే నూట ఎనభై చూపిస్తోంది. గోడ ప్లగ్గులో అదే మీటరు రెండొందల ముప్పై చూపిస్తోంది. మిషన్ వెనక కూడా రెండొందల ముప్పై అనే ఉంది. ఆయన్ని అడిగితే "బానే ఉంది, ముట్టుకోకు" అన్నారు. ఎందుకు బానే ఉందో చెప్పమంటే ఊపిరి అందక చెయ్యి ఊపేశారు. జబ్బు మనిషి మాట పట్టుకుని ప్రాణం మీదికి తెచ్చుకోనా?

ఇన్వర్టరు లోపలి ట్రాన్స్ఫార్మరు నుంచి ఆయన నాలుగు వైర్లు బయటికి వదిలి ఒకటి, రెండు, మూడు, నాలుగు అని చీటీలు అంటించారు. ఇప్పుడు రెండో దాని మీద ఉంది. ఏం చెయ్యాలో రాయి. అలాగే ఇంకో మాట, నవ్వకు. ట్రాన్స్ఫార్మరు, రెక్టిఫయరు, ఇన్వర్టరు, కన్వర్టరు అని ఇరవై ఏళ్ళుగా గల్లా దగ్గర కూర్చుని చీటీలు రాస్తున్నాను. దేనికి దేనికి ఏమిటి తేడా అని ఏనాడూ అడగలేదు. ఇప్పుడు తెలుసుకోకపోతే కుదరదు.

మీ వదిన


కొండ మీది కన్వర్టర్ స్టేషన్, నాలుగో నంబరు క్వార్టరు
మార్చి 11

వదినకి నమస్కారాలు.

ఉత్తరం చదివి అరగంట మంచం మీంచి లేవలేదు. మీరిద్దరూ కలిసి నన్ను పరాయివాణ్ణి చేశారు. సరే, పోట్లాట వచ్చాక పెట్టుకుంటాను.

పేపర్లో వేసింది నిజమే. మీ మధ్యాహ్నపు కోత మా పుణ్యమే. ఎక్కడో ఎనిమిది వందల కిలోమీటర్ల అవతల పుట్టిన కరెంటు మా దగ్గరికి ఒకే వైపు నడిచే డీసీగా వస్తుంది. దాన్ని ఇళ్ళకి పనికొచ్చే ఏసీగా మార్చడం మా పని. చల్లబరిచే నీటి గొట్టం పగిలి, కరెంటుని అలా మార్చే పెద్ద స్విచ్చుల్లో, మేం వాల్వులంటాం, సగం కాలిపోయాయి. పద్నాలుగు మందిమి రెండు షిఫ్టుల్లో బాగుచేస్తున్నాం, అందరి సెలవులూ రద్దు చేశారు. నేను పని వదిలి దిగి వచ్చానంటే మీ కోత ఇంకా సాగుతుంది. అన్నయ్య పక్కన ఉండాలంటే ఇక్కడే ఉండాల్సిన పరిస్థితి. ఫోను సంగతి సరేసరి, కంట్రోల్ రూంలో ఉన్నది ఒక్కటే లైను, అది కూడా వానలకి తెగింది.

ఇక నీ పాఠం. గోడలోంచి వచ్చే కరెంటు సెకనుకి యాభై సార్లు అటూ ఇటూ ఊగుతుంది, అదే ఏసీ. బ్యాటరీలో కరెంటు ఒక్క వైపుకే నడుస్తుంది, అది డీసీ. ట్రాన్స్ఫార్మరు ఊగే కరెంటుకి మాత్రమే పనికొస్తుంది. వోల్టేజీ పెంచుతుంది లేదా తగ్గిస్తుంది, అంతే, కరెంటు రకాన్ని మార్చదు. రెక్టిఫయరు ఊగేదాన్ని ఒక్క వైపుకి మళ్ళిస్తుంది. బ్యాటరీ ఛార్జరులో ఉండేది అదే. ఇన్వర్టరు దానికి సరిగ్గా ఎదురు పని చేస్తుంది, ఒక్క వైపు నడిచేదాన్ని పట్టుకుని అటూ ఇటూ ఊపుతుంది. అలా ఊపాక లోపలి ట్రాన్స్ఫార్మరు దాని వోల్టేజీ పెంచి బయటికి పంపుతుంది. కన్వర్టరు అనేది ఈ మార్చేవాటన్నిటికీ కలిపి వాడే ఇంటిపేరు లాంటిది. మీ ట్రంకు పెట్టె చేసే పనీ, ఇక్కడ మా మూడంతస్తుల హాలు చేసే పనీ ఒకటే వదినా. అందుకే నేను కూడా వైండింగ్ షాపువాణ్ణే అని మావాళ్ళు ఏడిపిస్తుంటారు.

ఇక నూట ఎనభై సంగతి. మోటారుకి వోల్టేజీ తక్కువైతే కరెంటు ఎక్కువ లాగి వేడెక్కుతుంది, చివరికి కాలిపోతుంది. ఆక్సిజన్ మిషన్లో గాలి నొక్కే మోటారు ఉంటుంది. కాబట్టి భయపడకుండా ట్యాపింగ్, అంటే ఆ చీటీల వైరు, మార్చు. ముల్లు రెండొందల ముప్పై దగ్గరికి వచ్చేదాకా మూడు, చాలకపోతే నాలుగు. బ్యాటరీ వైరు పీకేశాకే చెయ్యి పెట్టు. అన్నయ్య చేతిపని గొప్పదే, కాదనను. కానీ ఆయన లెక్కలన్నీ చేతివాటం లెక్కలు. ఆయనకి చెప్పకుండా చేసెయ్యి, చెబితే మొండికేస్తాడు.

నీ మరిది


ఇంటి నుంచి
మార్చి 17, ఆదివారం

చిరంజీవి మరిదికి,

నీ ఉత్తరం నిన్న సాయంత్రం అందింది. గుండెల మీంచి బరువు దిగింది. ఇంటిపేరు మాట చదివి చాన్నాళ్ళకి నవ్వాను. ఏమిటని మీ అన్నయ్య సైగ చేస్తే, నువ్వు అక్కడ కొత్త బూట్లు కొన్నావని అబద్ధం చెప్పాను.

బుధవారం పదకొండింటికి నర్సు వస్తుంది. ఆవిడ ఆయనకి ఒళ్ళు తుడిచే వేళ నేను వరండాలో ట్యాపింగ్ మార్చేస్తాను. ఆ రోజుకి సిలిండర్లు తేవద్దని కూడా చెప్పేశాను, పాపం ఆస్పత్రికైనా మిగులుతాయి. ఇంట్లో ఒకటి నిండుది ఎలాగూ ఉంది.

ఆయన్ని ఒంటరిగా వదలొద్దన్నారు డాక్టరు, అందుకని వారం నుంచి షాపు తీయడం లేదు. షట్టరు మీద "సెలవు" అని సుద్దముక్కతో రాసి వచ్చాను.

మీ వదిన


తంతి
మార్చి 19. షాపు చిరునామాకి

ట్యాపింగ్ మార్చవద్దు. మార్చి ఉంటే వెంటనే రెండుకి తిప్పు. అప్పటిదాకా మిషన్ తగిలించవద్దు. ఉత్తరం వస్తోంది.


కొండ కింద తపాలా ఆఫీసు బల్ల మీద
మార్చి 19, మంగళవారం

వదినా,

మెయిలు జీపు శుక్రవారం దాకా లేదు. అందుకని పదకొండు కిలోమీటర్లు నడిచి దిగి, ముందు తంతి ఇచ్చి, ఇప్పుడు ఇది రాస్తున్నాను. తంతి షాపుకి ఇచ్చాను. మన సందులో ఇంటి నంబర్లన్నీ తారుమారు, తంతివాడు తిరిగి తిరిగి వెనక్కి పోతాడు. షాపయితే నువ్వు ఎలాగూ తీస్తావు. ఈపాటికి నీ చేతిలో ఉంటుంది. ఉండాలి.

తప్పు చెప్పాను వదినా. నేనే తప్పు చెప్పాను.

ఈ పొద్దున షిఫ్టు దిగాక ల్యాబులో కొలతలు చూసే మేడంకి అన్నయ్య చేసిన ఇన్వర్టరు గురించి గొప్పలు చెబుతున్నాను. కొండ మీంచే ఎలా వైద్యం చేశానో కూడా చెప్పాను. ఆవిడ కప్పు కింద పెట్టి "ఏ మీటరుతో కొలిచారు?" అని అడిగింది. ముల్లు మీటరన్నాను. "ఆ ఇన్వర్టరు వదిలేది ఎలాంటి ఏసీ?" అని అడిగింది. అప్పుడు వెలిగింది నాకు.

విను. గోడలోంచి వచ్చే కరెంటు ఉయ్యాల ఊగినట్టు మెల్లగా పెరిగి, మెల్లగా తగ్గి, రెండో వైపుకి వెళ్తుంది. అన్నయ్య చేసిన రకం ఇన్వర్టరు అలా ఊపదు. ఒక వైపు ఒక్కసారిగా తోస్తుంది, కాసేపు ఆపుతుంది, రెండో వైపు తోస్తుంది, మళ్ళీ ఆపుతుంది. ముల్లు మీటరు ఆ తోపులన్నిటికీ సగటు తీస్తుంది. తీసి, ఇది ఉయ్యాల కరెంటే కదా అనుకుని, దానికి సరిపడా లెక్క కట్టి అంకె చూపిస్తుంది. మధ్యలో ఆగే సమయం ఉంది కాబట్టి సగటు తక్కువొస్తుంది, అంకె తక్కువ పడుతుంది. అసలు బలం మాత్రం ఎక్కడికీ పోదు. నీ ముల్లు నూట ఎనభై చూపించినప్పుడు లోపల సరిగ్గా రెండొందల ముప్పై ఉంది. దాన్ని రెండొందల ముప్పై చూపించేలా చేస్తే లోపల దాదాపు మూడొందలు ఉంటుంది. ఆ మిషన్ తట్టుకోలేదు.

ఇదంతా నేను చదువుకున్నదే, పరీక్షలో రాసి మార్కులు తెచ్చుకున్నదే. ఇక్కడి మీటర్లు ఎలాంటి కరెంటునైనా సరిగ్గా కొలుస్తాయి. ఎనిమిదేళ్ళుగా వాటినే చూస్తూ ముల్లు మీటరు ఒకటుందనే మరిచిపోయాను. పైగా అన్నయ్యవి చేతివాటం లెక్కలని వెక్కిరించాను.

ఆ మీటరు పక్కన పెట్టు. తీగ బల్బు ఒకటి తీసుకుని గోడ ప్లగ్గుకి పెట్టి చూడు, తర్వాత ఇన్వర్టరుకి పెట్టి చూడు. రెండు చోట్లా ఒకేలా వెలిగితే వోల్టేజీ సరిగ్గా ఉన్నట్టే. బల్బు తీగకి వేడితోనే పని, కరెంటు ఎలా ఊగిందన్నది దానికి పట్టదు.

తంతి అందిందని ఒక్క ముక్క రాయి. ఒక్క ముక్క చాలు.

మరిది


ఇంటి నుంచి
మార్చి 25

చిరంజీవి మరిదికి ఆశీస్సులు.

తంతి వేళకి అందింది. ట్యాపింగ్ మార్చలేదు. ఇక్కడ అంతా బాగానే ఉంది. మీ అన్నయ్య కులాసాగా ఉన్నారు. నువ్వు మనసు పాడుచేసుకోకుండా నీ పని చూసుకో. ఈ సంగతులేవీ ఆయనకి విడిగా రాయవద్దు, అనవసరంగా ఆయాసపడతారు.

షాపుకి వచ్చే ఒకాయన దగ్గర ఆక్సిజన్ మిషన్ బోర్డు పాడైంది. కరెంటు లోపలికి వచ్చే చోట రూపాయి బిళ్ళంత నీలం బిళ్ళ ఒకటి రెండు ముక్కలై నల్లగా మాడింది. దాని పక్కన స్తంభంలా ఉండేది పైన ఉబ్బింది. ఆ బోర్డు బాగవుతుందా, మొత్తం మార్చాలా? తీరిక ఉన్నప్పుడు రాయి.

వదిన


కొండ మీంచి
ఏప్రిల్ 1

వదినా,

నువ్వు పెళ్ళై మన ఇంటికి వచ్చినప్పుడు నాకు తొమ్మిదేళ్ళు. అప్పటినుంచి నువ్వు నాకు అబద్ధం చెప్పిన ప్రతిసారీ దొరికిపోయావు. ఉత్తరంలో కూడా దాచడం చేతకాలేదు నీకు.

"అంతా బాగానే ఉంది" అని రాశావు. తిట్టో వేళాకోళమో లేకుండా నువ్వు ఉత్తరం రాయవు, ఇందులో ఒక్కటీ లేదు. ఇన్వర్టరు నడుస్తోందో లేదో రాయలేదు. పదిహేడో తేదీ ఉత్తరం ఆలస్యమై దీనితోపాటే అందింది, షాపు మూసేశానన్నావు అందులో. మూసిన షాపులో తంతి ఎవరు తీసుకున్నారు? పైగా ఆ నీలం బిళ్ళ. అది ఎందుకు పెడతారో తెలుసా? వోల్టేజీ మితిమీరితే తాను పగిలిపోయి వెనకున్న బోర్డుని కాపాడటానికి. మరో కారణానికి అది అలా రెండు ముక్కలవదు. మన వీధిలో ఆక్సిజన్ మిషన్ ఉన్న ఇళ్ళు ఎన్ని వదినా?

అన్నయ్య ఉన్నాడా?

ఇది తెలియకుండా షిఫ్టులో వాల్వులు బిగించలేను. నిజం రాయి. ఎంత చెడ్డదైనా సరే రాయి. పుస్తకాలు కొనిచ్చి నాకు చదువు చెప్పించిన మనిషికి నా మాటతో ఏం చేశానో నాకు తెలియాలి.

మరిది


ఇంటి నుంచి
ఏప్రిల్ 7, ఆదివారం

ఒరేయ్ మరిదీ,

ఉన్నారు. ముందు ఆ మాట చదివి మంచినీళ్ళు తాగు, తర్వాత మిగతాది చదువు.

బుధవారం పదకొండున్నరకి మార్చాను. మూడుకి పెడితే రెండొందల ఐదు, నాలుగుకి పెడితే సరిగ్గా రెండొందల ముప్పై. ముల్లు గీత మీద కూర్చునేసరికి నాకు ఎంత గర్వమో! ఒంటిగంటకి కరెంటు పోయింది, ఇన్వర్టరు అందుకుంది. మిషన్ మోత కొంచెం బిరుసుగా ఉంది. అదే తీగకి తగిలించిన టేబుల్ లైటు పట్టపగలు కూడా కళ్ళు చెదిరేలా వెలిగింది. చూసి ఏమనుకున్నానో తెలుసా, ఇన్నాళ్ళకి మిషన్‌కి కడుపునిండా కరెంటు దొరికిందనుకున్నాను. మీ అన్నయ్య ఆ లైటు వైపు చూసి, చెయ్యెత్తి "తీసెయ్, తీసెయ్" అన్నారు. వెలుగు కళ్ళలో పడుతోందని కాబోలనుకుని లైటు ఆర్పేశాను. మిషన్ని వదిలేశాను.

ఇరవై నిమిషాలకి మిషన్లోంచి టప్పుమని చప్పుడు, వెనకాలే మాడు వాసన. ఆగిపోయింది. కరెంటు రావాలంటే ఇంకా రెండున్నర గంటల పైనే. ఇంట్లో ఉన్నది ఒక్క సిలిండరు, మిగతావి వద్దన్నది నేనే. దాన్ని పెట్టి వీధిలోకి పరుగెత్తాను. కాళ్ళకి చెప్పులు కూడా లేవు. పాల వ్యాన్ ఆయన డబ్బాలు దించుకుంటున్నాడు. చెయ్యి పట్టుకుని లాక్కొచ్చాను, ఏం చెప్పానో నాకే గుర్తులేదు. ఇద్దరం దుప్పటిలో ఎత్తి పాల డబ్బాల మధ్య పడుకోబెట్టాం. సగం దారిలో రైలు గేటు వేశారు. అంత పొడుగు గూడ్సు బండిని నా జన్మలో చూడలేదు. నేను సిలిండర్ మీది ముల్లునే చూస్తున్నాను, అది ఎరుపులోకి దిగింది. ఆయన నా చెయ్యి పట్టుకోలేదు. కళ్ళు మూసుకుని ఒక్కో ఊపిరీ లెక్కపెట్టుకుంటున్నారు, పెదాలు కదులుతున్నాయి. ఆస్పత్రి మెట్ల దగ్గర వాళ్ళు పెద్ద సిలిండర్ తగిలించేసరికి మా సిలిండర్లో నాలుగు నిమిషాల గాలి ఉందన్నారు.

ఐదు రోజులు అక్కడే ఉన్నాం. తిరిగొచ్చాక అలవాటుగా షాపు దాకా వెళ్ళి షట్టరు ఎత్తితే కింద నీ తంతి ఉంది. బుధవారం పొద్దున తొమ్మిదింటికి వేసినట్టు ముద్ర ఉంది. అక్కడే నేల మీద కూలబడి ఏడ్చాను.

ఇక ఆయన సంగతి. "ఎవరు మార్చమన్నారు?" అని అడిగారు. "నేనే మార్చాను" అన్నాను. నీ పేరు చెప్పలేదు. వచ్చిన డాక్టరుకల్లా "మా తమ్ముడు కొండ మీద కరెంటుని మారుస్తాడు" అని ఊపిరి ఆపుకుని మరీ చెప్పుకుంటారాయన. అది తీసెయ్యడానికి నాకు నోరు రాలేదు. ఆయన నా ముఖం చూసి, మూడు విడతలుగా ఒక మాట అన్నారు: "జబ్బు... ఊపిరితిత్తులకే. బుర్రకి... కాదు." ఆ తర్వాత నాతో మాట్లాడటం మానేశారు. ఈ రోజుకి పద్దెనిమిది రోజులు. షాపు తాళాలు తలగడ కింద పెట్టుకున్నారు. నీళ్ళు కావాలన్నా నర్సునే అడుగుతున్నారు.

ఆస్పత్రివాళ్ళు వేరే మిషన్ ఇచ్చారు. కానీ ఇన్వర్టరు వైపు వేలు చూపిస్తే చాలు, తల అడ్డంగా ఊపేస్తున్నారు. కోతకి రోజుకి రెండే సిలిండర్లు. గాలి సగం కంటే తగ్గించి మూడు గంటలు లాగుతున్నాం. గోడ గడియారం చూస్తూ ఒక్క కన్ను మూయరు. రోజురోజుకీ పీక్కుపోతున్నారు మరిదీ. ఇలా ఎన్నాళ్ళు లాగగలరో డాక్టరు చెప్పడం లేదు. ఆ ఇన్వర్టరు పెట్టనిస్తే బతుకుతారు. నేను చెబితే పెట్టనివ్వరు.

వదిన


కొండ మీంచి
ఏప్రిల్ 13

అన్నయ్యా,

ఈ ఉత్తరం నీకు. వదిన చదివి వినిపించకూడదు, నువ్వే చదువు. ఆయాసమొస్తే ఆగి ఆగి చదువు.

ట్యాపింగ్ మార్చమన్నది నేను. మార్చి పదకొండున రాశాను. నీకు చెప్పకుండా చెయ్యమన్నది కూడా నేనే. వదిన నా మాట నమ్మింది, కాలాక నేరం తన మీద వేసుకుంది. నీ దగ్గర నా పరువు నిలబెట్టడానికి. నాకు అంత విలువ లేదన్నయ్యా. ముల్లు మీటరు ఆ ఇన్వర్టరుని తక్కువ చూపిస్తుందని నేను చదువుకుని మరిచిపోయాను. నువ్వు చదవకుండానే సరిగ్గా కట్టావు. రెండో వైరు మీద అది అచ్చంగా రెండొందల ముప్పై. నేను చెప్పబట్టే మూడొందలైంది.

నీ ఊపిరితో ఆడుకున్నాను. క్షమించమని అడగను. ఒక్కటే అడుగుతాను. కోపమంతా నా మీద చూపించు, ఆ ఇన్వర్టరు మీద చూపించకు. అది నీ చేతిపని, దానిలో తప్పు లేదు. వైరు రెండుకి తిప్పించి, దాని మీద మిషన్ పెట్టనివ్వు. నా మాట నమ్మబుద్ధి కాకపోతే నమ్మకు, నీ పని నువ్వు నమ్ము.

ఇక్కడ ఆఖరి వరుస వాల్వులు ఎక్కిస్తున్నాం. నెలాఖరుకి లైను పూర్తిగా లేస్తుంది, కోతలు పోతాయి. ఆ రోజు సాయంత్రమే బయల్దేరతాను. అప్పటిదాకా ఉండు అన్నయ్యా. కొట్టాలనుకుంటే కొట్టడానికైనా ఉండు.

నీ తమ్ముడు


ఇంటి నుంచి, ఆయన మంచం పక్కన
ఏప్రిల్ 20, శనివారం, మధ్యాహ్నం

చిరంజీవి మరిదికి,

నీ ఉత్తరం పొద్దున వచ్చింది. కవరు మీద ఆయన పేరు ఉంది. దాచేద్దామా అని చీర కుచ్చిళ్ళలో దోపాను కూడా. మళ్ళీ దాపరికమా అనిపించి తీసి చేతికిచ్చేశాను.

చదవడానికి చాలాసేపు పట్టింది. రెండోసారి చదివారు. కాగితం గుండెల మీద పెట్టుకుని పైకప్పు చూస్తూ ఉండిపోయారు. నేను గుమ్మంలో నిలబడి ఉన్నాను. "ఇలా రా" అన్నారు. నెల రోజుల తర్వాత నాతో అన్న మొదటి మాట.

తలగడ కింద నుంచి తాళాలు తీసి నా చేతిలో పెట్టి, ఆగి ఆగి అన్నారు: "ఆ పెట్టె... ముల్లు చూసి కట్టలేదు. బల్బు చూసి కట్టాను. గోడకొకటి, దానికొకటి. రెండూ ఒకేలా వెలిగేదాకా చుట్లు మార్చాను." అంతేనట మరిదీ! నువ్వు పదకొండు కిలోమీటర్లు దిగి నాకు రాసిన ఉపాయం ఇదే కదా. ఈ నాలుగు మాటలు చెప్పడానికి ఆయనకి రెండు నిమిషాలు పట్టింది. ఆ రోజు నేను ఆ రెండు నిమిషాలు ఆగలేదు. చెయ్యి ఊపితే విసుగనుకున్నాను, ఆగమంటున్నారని అర్థం చేసుకోలేదు. మంచం అంచు పట్టుకుని ఏడుస్తుంటే ఆయన నా తల మీద చెయ్యి పెట్టి, "మీ ఇద్దరూ... నన్ను అడగలేదు. అదే" అన్నారు.

నిన్ను ఏమైనా అనమంటారా అని అడిగాను. "వాణ్ణి తిట్టాలంటే చాలా ఊపిరి కావాలి. దాచుకుంటున్నాను. రానీ" అన్నారు.

తర్వాత ఆయన చూస్తుండగా వైరు రెండుకి తిప్పాను. రెండు బల్బులు పెట్టాను, ఒకటి గోడకి, ఒకటి ఇన్వర్టరుకి. చాలాసేపు మార్చి మార్చి చూసి తల ఊపారు. పన్నెండున్నరకి మిషన్ తీగ ఇన్వర్టరుకి గుచ్చింది ఆయనే. నేను ఊరికే అందించాను.

ఒంటిగంట. కరెంటు పోయింది. ఇన్వర్టరు టక్కుమని అందుకుంది. ఊరికే కూర్చోలేక కాగితం తీసుకుని నీకు రాస్తున్నాను.

ఒంటిగంటా ఇరవై. కిందటిసారి ఇదే వేళకి పేలింది. మిషన్ మీద చెయ్యి పెట్టి చూశాను, కొంచెం వెచ్చగా ఉంది, అంతే. ఆయన గడియారం చూస్తున్నారు. నేను ఆయన్ని చూస్తున్నాను.

ఒంటిగంటా యాభై. నర్సు వెళ్ళిపోయింది. మోత ఒకేలా వస్తోంది. సిలిండర్లు రెండూ ముట్టుకోకుండా అలాగే ఉన్నాయి.

రెండూ పది. గడియారం వైపు చూడటం మానేశారు.

రెండున్నర. ఇందాక ఏదో చెప్పబోతున్నారేమో అని దగ్గరికి వంగాను. కాదు, కళ్ళు మూతలు పడుతున్నాయి. ఈసారి ఆగాను, తొందరపడి ఏమీ అడగలేదు.

నిద్రపోయారు మరిదీ. కోత వేళ ఆయన కన్ను మూయడం రెండు నెలల్లో ఇదే. పెదాలు ఎర్రగానే ఉన్నాయి, నేను కళ్ళద్దాలు పెట్టుకుని మరీ చూశాను. గోడ బల్బు ఆర్పడం మరిచిపోయాం కాబోలు, తల ఎత్తేసరికి అది వెలుగుతోంది. ఎదురింట్లో రేడియో మోగుతోంది. గడియారం చూస్తే నాలుగూ పది. కరెంటు ఎప్పుడొచ్చిందో ఏమో, మాకు తెలియనే లేదు.

మీ వదిన